మా అత్త తూచిన రేసు కార్లు

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని అంగట్లోకి వచ్చి కూర్చుంది. కొత్తగా దిగిన పెట్టెలోంచి ఒక బొమ్మ రేసు కారు తీసి, దాని చక్రాన్ని గోటితో తిప్పి చూస్తూ "ఛీ" అన్నది. ఆ మాట కారును చూసి అన్నదో, గుండెలో నొప్పి వచ్చి అన్నదో నాకు తెలియదు. నేను తిరిగి చూసేసరికి గల్లాపెట్టె మీదికి ఒరిగిపోయి ఉంది. ఆస్పత్రికి తీసుకుపోయాం గానీ అప్పటికే అంతా అయిపోయింది.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి పోయే వీధిలో బొమ్మల అంగడి ఆమెది. నాకు ఆమె ముందు మేనత్త, తర్వాత అత్తగారు. మా నాయనకు అక్క. నన్ను తన కొడుక్కి చేసుకుంది. రెండు వరసల్లోనూ నన్ను తిట్టింది, రెండు వరసల్లోనూ నన్ను సాకింది. ఆమె లేని ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

కర్మ రోజు మా వీధి వర్తకులందరూ వచ్చారు. విస్తరి ముందు కూర్చుని ఒకరిని మించి ఒకరు పొగిడారు. "ఆ తల్లి అంగట్లోంచి ఒక్క వంకర కారు బయటికి పోలేదు" అన్నాడొకాయన, వడ మీద పాయసం పోయించుకుంటూ. "ధర్మదేవతబ్బా, ధర్మదేవత" అన్నాడు పక్కాయన. ఇంకొకాయనకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. ఆయన ఒకే చేతి తుండుతో కళ్ళు, మూతి, పాయసం గిన్నె అంచు వరసగా తుడుచుకున్నాడు. నాకు అబద్ధం చెప్పేవాళ్ళ మీద కోపం వస్తుంది. తాము చెప్పేది నిజమో కాదో పట్టని వాళ్ళను చూస్తే మాత్రం రోత పుడుతుంది.

పోతూ పోతూ, "అమ్మా, వర్తకుల సంఘం తరఫున ఒక చిన్న పుస్తకం వేస్తా ఉండాము. అత్త గురించి నాలుగు మంచి మాటలు రాసియ్యి" అని నన్నే అడిగారు. సరేనన్నాను. మంచి మాటలు రాస్తానని మాత్రం అనలేదు.

ఎందుకంటే ఆమె నాకు వేరే పని అప్పజెప్పి పోయింది. "పాపా, నేను పోయినాక ఎవురన్నా నన్ను ఎత్తుకోని మోస్తే, నువ్వు గమ్మున ఉండొద్దు. జరిగింది జరిగినట్ల సెప్పు. లేకుంటే నాకు రోతగా ఉంటాది" అన్నది. చచ్చినాక రోత ఎట్లా తెలుస్తుంది అత్తా అని అడిగాను. "నాకు తెలస్తాదిలే" అన్నది. ఆమెకు తెలుస్తుందనే నేనూ నమ్ముతున్నాను.

మామ ఉన్నన్నాళ్ళు అంగడి ఆయనది. సరుకు కోసం మద్రాసు పోయేవాడు. ఒకసారి అక్కడి స్నేహితులు లాక్కుపోతే షోళవరంలో కారు పందేలు చూసి వచ్చాడు. చెవుల్లో దుమ్ము, గొంతు బొంగురు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, కళ్ళు పెద్దవి చేసుకుని అత్తతో ఆ పందేల మాటే చెప్పాడట. ఆ ప్రయాణంలోనే మూర్ మార్కెట్టులో ఒక నీలం రంగు రేసు కారు కొన్నాడు, అరచేతిలో పట్టేది, ఇంగ్లండులో పోత పోసినది. అది అమ్మడానికి కాదు, అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికి.

మామ పోయాక అత్త గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. బీరువా తెరిచి నీలం కారును బయటికి తీసి పనిలో పెట్టింది. అక్కడి నుంచే ఈ కత మొదలు.

కొండ దిగి వచ్చే యాత్రికులే మాకు బేరం. గుండ్లకు గంధం పూసుకున్న పిల్లలు అంగడి ముందుకు రాగానే కాళ్ళు నేలకు పాతి నిలబడిపోతారు. పిల్లనగ్రోవులు, డోళ్ళు, కొయ్య బొమ్మలు, రబ్బరు బొమ్మలు, అన్నీ ఉండేవి. వాటినంతా అత్త మామూలు సరుకులాగే చూసేది. రేసు కార్ల దగ్గర మాత్రం ఆమె వేరే మనిషి. ఎందుకంటే అవి మామ చూసి వచ్చిన కార్ల నకళ్ళు. నకలు అంటే నకలుగానే ఉండాలని ఆమె పట్టు.

రకరకాల కంపెనీలవి వచ్చేవి. జపాను రేకు కార్లు, హాంకాంగు ప్లాస్టిక్కు కార్లు మద్రాసు బర్మా బజారు నుంచి చీరల మూటల నడుమ దూరి వచ్చేవి. బొంబాయి పోత కార్లు, ఢిల్లీ ప్లాస్టిక్కు కార్లు పెట్టెలకు పెట్టెలు దిగేవి. అత్త ఒక్కొక్క దాన్నీ తీసి నీలం కారు పక్కన పెట్టేది. మొదట వాసన చూసేది. హాంకాంగు కారును ముక్కు దగ్గర పెట్టుకుని, "కిరసనాయిలు తాగినోడు ఆవలించినట్ల ఉండాదే" అని దూరంగా పట్టుకునేది. దాని డ్రైవరుకు మొహమే ఉండదు, సీటుకు కరుచుకున్న ఒక గడ్డ. జపానుది రంగు బాగుంటుంది, కీ ఇస్తే గిర్రున పోతుంది, కానీ రేకు అంచుకు వేలు తెగుతుంది. "సింగారం నిండా ఉండాది. బిడ్డ వేలు తెగితే సింగారాన్ని నాకల్లనా?" అనేది.

అన్నిటికంటే ఎక్కువ చీదర బొంబాయి కారును చూస్తే. ఆ కంపెనీ లారీకీ బస్సుకూ వేసే చక్రాలనే రేసు కారుకూ వేసేది. ఇంగ్లండు కారును తిరగేసి చూపించేది అత్త. పొట్ట కింద సన్నని అక్షరాల్లో, అసలు కారులో ఇది ఎన్నో వంతో పోత పోసి ఉంటుంది. ఆమెకు ఆ భాష చదవను రాదు గానీ లెక్క తెలుసు. "తగ్గిస్తే అన్నీ ఒకే మాదిరి తగ్గల్ల పాపా. ఒళ్ళు తగ్గిచ్చి కాళ్ళు తగ్గిచ్చకుంటే ఏమయితాది? సంటిబిడ్డకు తాత కాళ్ళు అతికిచ్చినట్ల ఉండాది సూడు. థూ!" అని పక్కన పెట్టేది. ఢిల్లీ వాటి గురించి ఏమీ అనేది కాదు. రెండు వేళ్ళతో పట్టుకుని, కిందికి జారవిడిచేది.

చూపు పరీక్ష అయ్యాక నడక పరీక్ష. వెడల్పాటి టేకు పలక ఒకటి గల్లాపెట్టె పక్కన వాలుగా ఉండేది. పై కొసన నీలం కారును, కొత్త కారును పక్కపక్కన పెట్టి ఒకేసారి చేతులు తీసేది. నీలం కారుకు తోడుగా కింది దాకా నేరుగా వచ్చినదే బల్ల మీదికి ఎక్కుతుంది. పక్కకు పోయింది ఏజెంటు సంచిలోకి పోతుంది. మాది కోమట్ల ఇల్లు. తూకపురాళ్ళకు సర్కారు వాళ్ళు వచ్చి ముద్ర కొట్టి పోవడం మాకు అలవాటు. "రాళ్ళకు వాళ్ళు కొడతారు ముద్ర. ఈ కారుకు నేను కొట్టినా" అనేది అత్త.

మద్రాసు ఏజెంట్లు వీధి మొదట్లో కాఫీ తాగి, ధైర్యం తెచ్చుకుని అంగడి మెట్టు ఎక్కేవాళ్ళు. "పిల్లలు ఆడుకునేవే గదమ్మా, రోంత అటూ ఇటూ పోతే ఏమి?" అని ఒకడు పొరపాటున అన్నాడు. ఆ రోజు ఆమె మొహం చూడాలి. చెప్పులకు అంటిన పేడను చూసినట్టు వాణ్ణి చూసింది. వాడు పోయాక నాతో అన్న మాట నేను ఎన్నటికీ మరచిపోను. "పెద్దోళ్ళకు వంకర సరుకిస్తే నాలుగు తిట్లు తిడతారు. పిల్లోళ్ళు తిట్టరే! నేనే సరిగ్గా తొయ్యలేదేమో అనుకుంటారు."

నేను కోడలుగా వచ్చిన కొత్తలో అందరి ఇళ్ళలో లాగే వంటింట్లోకి పోబోతే, "వంట ఎవురన్నా చేస్తారు. నీకు కన్నుండాది, ఈడ కూసో" అని పలక దగ్గర కూర్చోబెట్టింది. చంద్రగిరిలో ఎనిమిదో తరగతితో ఆపేసిన నాకు, నీకు కన్నుంది అని చెప్పిన మొదటి మనిషి ఆమె. నా బతుకులో నాకు ఇష్టమైన పని ఏదైనా ఉందంటే అది ఆమె ఇచ్చిందే. ఇది మంచి మాటే. ఇది మాత్రం నిజం కాబట్టి రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. దసరాలో ఆయుధపూజ నాడు మా అంగట్లో తక్కెడ, రాళ్ళు, కత్తెర, తాళాలు, నిచ్చెన, అన్నిటికీ పసుపు కుంకుమ పెడతాం. పూజ చేసేది మా ఇంటాయన. నీలం కారును మాత్రం అత్త ఎవరినీ తాకనిచ్చేది కాదు. భర్త పోయిన మనిషి కుంకుమ పట్టుకుంటుందా అని ఎవరో మూతి తిప్పితే, "అంగడి నాది, పనిముట్టు నాది. దానికి బొట్టు పెట్టేదానికి ఊరిని అడగల్లనా?" అన్నది. గంధం, పసుపు నూనెలో కలిపి కారుకు ముందూ వెనకా పూసేది. నాలుగు చక్రాలకూ నాలుగు బొట్లు. పెద్ద బండ్లకు లాగా చక్రం కింద నిమ్మకాయ తొక్కించాలంటే ఇంత కారు ఎట్లా తొక్కుతుంది? అందుకని చిన్న నిమ్మ తునక పెట్టి దాని మీద నడిపించేది. పూజ చేసినదాన్ని కడగకూడదని మరునాడు మెత్తని గుడ్డతో పైపైన తుడిచేది.

అలా ఏటేటా జరిగింది. ఒక ఏడు నీలం కారు పలక మీద కొంచెం ఎడమకు లాగింది. అత్త పలకను తేరిపార చూసి, "వానకు పలక వంగిపోయింది" అన్నది. ఎడమ పక్కన కింద ఒక అట్టముక్క దూర్చింది. నీలం కారు మళ్ళీ నేరుగా వచ్చింది. తర్వాతి ఏడు ఇంకో అట్టముక్క. పలక వంగుతుంది, కొయ్య కదా. కారు ఎందుకు మారుతుంది, ఇనుము కదా. అందరం అలాగే అనుకున్నాం.

ఆ రోజుల్లోనే చిత్తూరు నుంచి ఒకాయన వచ్చాడు. రేకు పని చేసే మనిషి. సొంతంగా అచ్చులు చేయించి ఎర్రని రేసు కార్లు తయారు చేస్తున్నాడు. నోరు పెద్దది. మెట్టు ఎక్కకముందే మొదలుపెట్టాడు. "అమ్మా, ఇంగ్లండోడు, జపానోడు ఏం పొడిసినారు? ఈ కారు సూడు, మన చిత్తూరుది. వాళ్ళంతా నా కాడికి వచ్చి పని నేర్చుకోని పోవల్ల." ఉయ్యాలలో మా చిన్నది ఉంటే దాని చేతిలో ఒక కారు పెట్టాడు. అత్తకు సొంత డబ్బా కొట్టుకునే వాళ్ళంటే ఒళ్ళు మంట.

"నోరు గాదప్పా, కారు వదులు" అన్నది.

వదిలాడు. ఎర్ర కారు సగం దూరం వచ్చి కుడికి తిరిగి పలక మీది నుంచి కింద పడింది. మళ్ళీ వదిలాడు. మళ్ళీ పడింది.

"పలక సూడమ్మా, పలకలో ఏందో..." అన్నాడు.

"పలకనా? పలకది తప్పయితే నా నీలం కారు ఎట్ల నేరుగా వస్తా ఉండాది?" అన్నది అత్త. కింద పడిన కారును తీసి తిరగేసింది. లోపలి వైపు బిస్కెట్ల డబ్బా మీది అక్షరాలు కనబడ్డాయి. "డబ్బా రేకు! దీనికి అంత వాగుడు. ఛీ!" అని వీధి పక్క మురుగు కాలవలోకి విసిరేసింది.

వీధిలో వాళ్ళు నవ్వారు. ఆయన మెట్టు దిగి, కాలవలో చెయ్యి పెట్టి కారును తీసుకుని, పంచెతో తుడుచుకుని వెళ్ళిపోయాడు. అత్త ఆ పూట చేతులు రెండుసార్లు కడుక్కుంది. నేనూ ఆమె చేసింది సరి అనే అనుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. ఇటీవల మా ఇంటాయన అంగడిని బాగుచేయించి, కొయ్య బల్లలు తీసేసి నేలకు కడప బండ పరిపించాడు. అత్త కొత్త బండ మీద మొట్టమొదట నీలం కారును తోసింది. అది ఎడమకు తిరిగి, తిరిగి, గోడకు కొట్టుకుంది. "మేస్త్రీ ముండాకొడుకు బండను వంకరగా పరిచినాడు" అని అరిచింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి బండ మీద పోసింది, ఎటు పారుతాయో చూసి మా ఆయన మొహాన కొట్టాలని.

నీళ్ళు ఎటూ పారలేదు. పోసిన చోటే నిలబడ్డాయి.

అత్త వంగి ఆ నీళ్ళను చూసింది. తర్వాత నీలం కారును తిరగేసి, "పాపా, పిన్నీసు ఇయ్యి" అన్నది. నా గాజుకున్నది తీసి ఇచ్చాను. ఇరుసు పక్కన గీకింది. పసుపు రాలింది. ఇంకా గీకితే ఎర్రగా కుంకుమ, గంధం, నూనెకు గట్టిపడిన జిడ్డు. నిమ్మ పులుపుకు ఇరుసు ఒక పక్క తుప్పు పట్టి తినేసి ఉంది. ఆమె చేత్తో ఆమె పూసిన పూజంతా అక్కడే ఉంది.

అంతటితో ఆగలేదు. అమ్మకానికి పెట్టిన కార్లను, ఆమె పరీక్ష చేసి ఎక్కించిన వాటిని, ఒక్కొక్కటీ తీసి బండ మీద తోసింది. అన్నీ ఎడమకే పోయాయి. పెద్ద ఏజెంట్ల సరుకంతా, పోత కార్లూ ప్లాస్టిక్కు కార్లూ, అన్నీ. నీలం కారు పోయినట్టు పోయే వంకర కార్లను ఏరి ఏరి మేము ఇన్నేళ్ళు అమ్మాం. నేరుగా పోయేవాటిని తిట్టి పంపాం. చివరికి ఇంట్లోకి పోయి, మా చిన్నది ఆడి పారేసిన బొమ్మల బుట్టలో వెతికి, ఆనాడు చిత్తూరాయన ఇచ్చిన ఎర్ర రేకు కారును తెచ్చింది. రంగు పోయి, ఒక పక్క సొట్ట పడి ఉంది. దాన్ని తోసింది. అది బండ ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా పోయి ఆగింది.

అత్త స్టూలు మీద కూలబడింది. "ఆయప్ప పలక సూడమన్న్యాడు పాపా. నేను సూడలా" అన్నది.

మా ఇంటాయన, "బొమ్మ కార్లకు ఇంత ఇదయిపోతే ఎట్లమ్మా, ఎవురూ అడగలేదు గదా" అన్నాడు. అత్త కొడుకును చూసిన చూపు నేను చూశాను. ఎవరూ అడగలేదనేదే ఆమెకు అన్నిటికంటే పెద్ద రోత. ఇన్నేళ్ళు ఇంతమంది పిల్లలు, ఇంతమంది తల్లిదండ్రులు, ఒక్కరంటే ఒక్కరు తిరిగి రాలేదు. ఆ పిల్లలంతా ఏమనుకుని ఉంటారో ఆమెకు తెలుసు. నేనే సరిగ్గా తొయ్యలేదేమో అనుకుని ఉంటారు.

ఆ సాయంత్రం వీధి వర్తకులందరికీ ఆమే చెప్పింది, నడివీధిలో నిలబడి. "నేను ఇన్నాళ్ళు వంకర కార్లు అమ్మినా. మంచి కారును కాలవలో ఎత్తేసినా" అని. విన్నారు. గాజుల అంగడాయన చేతులు జోడించి, "ఎంత పెద్ద మనసు తల్లీ నీది!" అన్నాడు. ఇంకొకడు చల్లగా సోడా తెచ్చి ఇచ్చాడు. తప్పు చేశానని మొరపెట్టుకుంటున్న మనిషికి దండ వేసినట్టుంది. అత్త సోడాను కాలవలో పోసి లోపలికి వచ్చి, "వీళ్ళకు చెవులు లేవు పాపా. నోళ్ళు ఒకటే ఉండాయి" అన్నది. వీళ్ళే, సరిగ్గా వీళ్ళే, మొన్న కర్మ రోజు కూర్చుని, ఆమె అంగట్లోంచి ఒక్క వంకర కారు పోలేదన్నారు. ఆమె మొహాన చెప్పిన మాట కూడా వాళ్ళ చెవిలోకి పోలేదు. అసహ్యం కాక ఏం పుడుతుంది నాకు?

మరుసటి రోజు, "చిత్తూరికి పోవల్ల, రా" అన్నది. ఎండలో బస్సెక్కాం. పండ్లు తీసుకుందామా అత్తా అంటే, "పండ్లు తీస్కపోతే సుట్టాన్ని పలకరించే దానికి పోయినట్ల ఉంటాది. వద్దు" అన్నది. దారిలో కాణిపాకం మలుపు దగ్గర బస్సులో అందరూ దండం పెట్టుకున్నారు. ఆమె పెట్టుకోలేదు. "ముందు ఆయప్ప కాడికి పోయొస్తా" అన్నది వినాయకుడికి.

అడుగుతూ అడుగుతూ ఇల్లు కనుక్కున్నాం. ఆయనకు జుట్టు నెరిసింది. ఇప్పుడు రేకుతో నూనె గరాటాలు, పాల కొలతలు చేస్తున్నాడు. మమ్మల్ని చూసి గుర్తుపట్టాడు. లేచి నిలబడి, చాప పరిచి, భార్యను కాఫీ పెట్టమన్నాడు. అత్త చాప మీద కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, అట్టముక్కలు, కడప బండ, అన్నీ. "నీ కారు నేరుగా పోయింది. వంకర నాది. తిట్టప్పా నన్ను" అన్నది.

ఆయన నవ్వాడు. "అయ్యో, ఆ కతనా? ఎప్పుడో మరిచిపోతినే అమ్మా. ఇప్పుడు నా గరాటాలు సూడు, వేలూరు దాకా పోతా ఉండాయి" అని ఒక గరాటా తెచ్చి చూపించాడు. మళ్ళీ అదే గొప్పలు.

"గరాటా కాదు నాయనా, తిట్టు."

"పెద్దోళ్ళు ఇల్లెతుక్కోని వచ్చినారు. తిడితే బాగుంటాదామ్మా? కాఫీ తాగండి. ఇంత దూరం వచ్చి చెప్పేది ఎవురన్నా చేస్తారా? మీది దొడ్డ గుణం."

వంటింట్లో ఆయన భార్య గిన్నెను నేలకేసి కొట్టిన చప్పుడైంది. అత్త కాఫీని చేదు మందు తాగినట్టు తాగింది. వీధిలోకి వచ్చాక, "ఈయప్ప గూడా నన్ను పొగిడి పంపిచ్చినాడు" అన్నది. ఆమె మొహం అంత వాడిపోయి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు, మామ పోయినప్పుడు కూడా.

బస్టాండులో తిరుపతి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అత్త మెట్టు మీద ఒక కాలు పెట్టింది. వెనక నుంచి ఎవరో గట్టిగా, "ఏమ్మా!" అని అరిచారు.

ఆయనే. చొక్కా గుండీలు పెట్టుకోలేదు. సైకిలును స్టాండు కూడా వేయకుండా నేలకు వదిలేసి వచ్చాడు.

"ఏమ్మా, కాఫీ తాగి పోతా ఉండావా? అయిపాయనా నీ పని? ఆ పొద్దు నా ఎనకాల మెట్టు కింద ఎవురు నిలబడినారో నీకు తెలుసునా? మా మామ! నా పెండ్లాం తండ్రి! అల్లుడు కార్లు చేస్తాడంట అని ఊరంతా చెప్పుకోని, తిరుపతి అంగట్లో పెట్టేది సూడల్లని నాతో వచ్చినాడు. ఆయన కండ్ల ఎదురుగ్గా ఎత్తేస్తివి కాలవలో. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాట మాట్లాడలా. సచ్చేదాకా నన్ను ఆ కార్ల మాట అడగలా. అడిగింటే బాగుండు!"

జనం చేరారు. మేము ఆ రోజు మెట్టు కింద ఎవరినీ గమనించలేదు. అత్త మెట్టు మీది కాలు కిందికి దించింది.

"నేను ఇంటికి వచ్చి ఏం సూస్కున్న్యానో తెలుసునా? కారు గాదు. ఇవి!" అని రెండు చేతులూ ఆమె మొహం ముందు చాచాడు. "నా చేతులే వంకర అనుకుంటి. ఇన్నేండ్లు! అచ్చులు అమ్మేస్తి. ఇంట్లో దేవుని పటానికి మేకు కొట్టల్లన్నా ఇంకొకర్ని పిలిపిస్తా ఉండా, నేను కొడితే వంకర పోతాదని. నువ్వు ఒక్క తూరి ఆ పలకను తిప్పి పెట్టింటే పోయేది గదమ్మా! తిప్పి పెట్టేదానికి నీకేం రోగం? అంత రోతగా సూసినావే నన్ను, మనిషినే గదా నేను? ఛీ!"

గుంపులోంచి ఎవరో, "ఏమప్పా, ముసలామెను పట్టుకోని ఆ మాటలేంది?" అని అడ్డం రాబోయాడు. అత్త వాడి వైపు తిరిగి, "నువ్వు గమ్మునుండు, నీకేం తెలుసు?" అని ఒక్క అరుపు అరిచింది. మళ్ళీ ఆయన వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, తల వంచుకుని నిలబడింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఎండ ఆమె నెత్తి మీద పడుతూ ఉంది. కొంగు కప్పుకోలేదు.

కండక్టరు ఈల వేశాడు. "ఎక్కండమ్మా, బండి పోతా ఉండాది" అన్నాడు.

అత్త తల ఎత్తకుండానే, జోడించిన చేతుల్లో ఒకటి తీసి అతనికి అడ్డం పెట్టింది.

"ఉండప్పా, ఆయప్ప ఇంకా ముగించలా."